వదినగారి కళ్ళజోడు

అలసట అనేది మా వంశంలోనే లేదని వాడు వాళ్ళమ్మతో చెప్పాడు. నువ్వు కిందకెళ్ళి వేడిగా ఓ టీ తాగి ఎక్కడైనా కాసేపు నడుం వాల్చు, లోపల ఆపరేషన్ గంట పట్టనీ, నెల పట్టనీ, నేనీ కుర్చీలోంచి కదలను, రెప్ప కూడా వాల్చను, ఆస్పత్రివాళ్ళు నన్ను బొమ్మనుకుని దుమ్ము దులిపి వెళ్ళాలి అన్నాడు. రాత్రంతా కూర్చునే తెల్లవార్చిన మనిషి ఆవిడ, నమ్మిందో, నమ్మినట్టు నటించిందో, వెళ్ళింది. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లమీద ఇంకా వినబడుతూ ఉండగానే వాడి తల పక్కకి ఒరిగింది, నోరు సత్రం తలుపులా తెరుచుకుంది, ఎదురు బెంచీలో ఎవరి పసిపిల్లో ఆ గురకకి దడుచుకుని ఏడుపు లంకించుకుంది. పక్కనున్న అమ్మమ్మ మోచేత్తో వాడి డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"దుమ్ము దులిపాను, లే," అంది.

లేచాడు. అంటే కళ్ళు లేచాయి, మిగతా ఒళ్ళు ఇంకా రావాల్సి ఉంది. ఎదురుగా తలుపు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, ఆ తలుపు వెనక నాయనమ్మ ఉంది, నాయనమ్మ కడుపులో గడ్డ ఉంది, ఈ వయసులో మత్తిస్తే లేవచ్చు లేవకపోవచ్చు, అలా వదిలేస్తే మాత్రం చలికాలం చూడదు అని డాక్టరమ్మ చెప్పిన మాట ఈ కుర్చీ కిందో, ఆ నీళ్ళ పీపా వెనకో ఇంకా తిరుగుతూనే ఉంది. లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు బయటికొచ్చి నాయనమ్మ ఒంటిమీదివి తీసి ఇచ్చిపోయింది. కళ్ళజోడు వాడి చేతికి, జపమాల అమ్మమ్మ చేతికి. అదెలా జరిగిందో గానీ అలా జరిగిపోయింది. అమ్మమ్మ, పాస్టరుగారి భార్య, ఆయన పోయాక కూడా అందరూ పాస్టరమ్మ అనే పిలిచే మనిషి, పుట్టి బుద్ధెరిగి ఒక్క పూసని ముట్టుకోని మనిషి, ఇప్పుడు దాన్ని రెండువేళ్ళతో ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి కూర్చుంది. ఒళ్ళో బైబిలు మూసే ఉంది. దానిమీద పెడదామంటే మనసొప్పదు, సంచిలో పడేద్దామంటే లేచాక వదినగారు, అంటే నాయనమ్మ, ఏమంటుందో. లేచాక. వాడు ఆ మాట వదిలేసి చేతిలోకి చూశాడు. కళ్ళజోడు ఎడమ కాడ వంగి ఉంది, బొటనవేలితో నొక్కి సరిచేశాడు, చొక్కా అంచుతో అద్దాలు తుడిచాడు, మళ్ళీ చూశాడు ఎర్రదీపం వైపు. దానికి మాత్రం ఏ అలసటా లేదు.

ఉత్తరించు స్థలం అంటే ఏంటో వాడికి ఇవ్వాళ తెలిసింది. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పేది, అది నరకం కాదురా, మోక్షమూ కాదు, ఎప్పటికైనా మోక్షానికి వెళ్ళేవాళ్ళే, కానీ ఇంకా మరకలు పోలేదు, అందుకని ఆ మరకలు వదిలేదాకా అక్కడ ఆగాలి, మనం ఇక్కణ్ణించి ప్రార్థనలు పంపితే వాళ్ళ పని తొందరగా అవుతుంది అని. అలాంటి చోటు నా పుస్తకంలో ఎక్కడా లేదు అని పక్క మంచం మీంచి అమ్మమ్మ. ఇదిగో, ఇదే ఆ చోటు, ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానికొకటి ఇనప కడ్డీతో బిగించి ఉన్నాయి, ఒకరు కదిలితే అందరికీ కుదుపు, ట్యూబులైటు ఆరిపోదు, సరిగ్గా వెలగదు, నీళ్ళ పీపాకి గ్లాసు గొలుసుతో కట్టేసి ఉంది, ఎవరి పేరు ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలీదు, పిలిచినప్పుడల్లా అందరూ లేచి, మన పేరు కాదని మళ్ళీ కూర్చుంటారు. అమ్మమ్మ లేదన్న చోట్లో అమ్మమ్మే పొద్దున్నించీ కూర్చుని ఉంది. ఆ సంగతి ఆవిడ చెవిన వేద్దామనుకున్నాడు. మామూలుగా అయితే వేసేవాడే. జోకు వెయ్యడానికి కూడా ఒంట్లో కొంచెం బలం కావాలని వాడికి మొదటిసారి అర్థమైంది.

వాళ్ళింట్లో ముసలివాళ్ళిద్దరికీ ఒకటే గది, ఆ గదిలో రెండు మంచాలు, మధ్యలో ఒక బీరువా. బీరువాకి ఇటు నాయనమ్మ, అటు అమ్మమ్మ. ఇటువైపు గోడ మీద మేకుల్తో ప్రభువు వేలాడుతున్న సిలువ, చెక్కబల్ల మీద పోయిన వస్తువులు వెదికిపెట్టే పునీతుడు అంతోనివారి బొమ్మ, రంగు ఊడిన ముక్కుతో. అటువైపు గోడ మీద వట్టి సిలువ, దానిమీద ఎవరూ లేరు. లేచి వెళ్ళిపోయినవాణ్ణి ఇంకా మేకులకే ఉంచుతావేంటి వదినగారూ అని ఆవిడ, నువ్వు దింపేసి ఎక్కడ పెట్టావో చెప్పు ముందు అని ఈవిడ. లోకంలో వీటిమీదే పెద్ద యుద్ధాలు వందల ఏళ్ళపాటు జరిగాయని స్కూల్లో మాస్టారు చెబితే వాడు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు, మా ఇంట్లో ఇంకా అవుతున్నాయి సార్ అన్నాడు. రక్షణ ఉచితం, నమ్మితే చాలు, మన క్రియల వల్ల వచ్చేది కాదు అని అమ్మమ్మ అంటే, అయితే ఇవ్వాళ గిన్నెలు నేను తోమను, తోమబడ్డాయని గట్టిగా నమ్ముతాను అని నాయనమ్మ. యజమాని ఎదురుగా ఉండగా పునీతుల్ని బతిమాలడం ఎందుకు, ఆయనకీ మనకీ మధ్యవర్తి ఒక్కడే కదా అని అమ్మమ్మ అంటే, మరి నా రేడియో తగ్గించమని నాకు చెప్పకుండా మనవడితో చెప్పిస్తావే, వాడెవడు మధ్యలో అని నాయనమ్మ. మధ్యలో వాడే. అమ్మకి ఉద్యోగం, నాన్నకి బస్సు స్టీరింగు, ఇంట్లో మిగిలిన మధ్యవర్తి వాడొక్కడే, అటు మాట ఇటు ఇటు మాట అటు మోసి మోసి, మోసేటప్పుడు దారిలో కొంచెం ఉప్పూ కారం కలిపి, వాడు పెద్దవాడయ్యాడు. ఆ కలపడంలో వాడు ఎన్నడూ దొరకలేదు. దొరకడం వాడి జాతకంలో రాయలేదు.

తర్వాత నాన్న. రాత్రి డ్యూటీ దిగి పడుకున్నవాడు లేవలేదు. అంతే, చెప్పుకోడానికి కథ కూడా లేదు. బస్సు డిపోలో పెట్టే ఉంది, అన్నం గిన్నె మీద మూత పెట్టే ఉంది. సమాధుల తోట నించి వచ్చాక నాయనమ్మ చేసిన మొదటి పని అంతోనివారి బొమ్మని పట్టుకుని మొహం గోడకి తిప్పేయడం. అంతా వెదికిపెడతావుగా, నా కొడుకుని వెదికిపెట్టు, పెట్టేదాకా ఇటు చూడకు. ఆ తర్వాత రేడియో లేదు, గిన్నెల గొడవ లేదు, తిండి రెండు మెతుకులు. ఆ గదిలో అమ్మమ్మ ఒక్కతే వాదించాల్సి వచ్చింది, ఎదుటి మనిషి లేకుండా వాదించడం ఎంత కష్టమో, ఆవిడ కూడా పాపం కొన్నాళ్ళకి మానేసింది. ఇంట్లో అంత శాంతి వాడెప్పుడూ వినలేదు, చెవులు గింగుర్లెత్తాయి.

ఆ ఏడాదే వాడు కళ్ళజోళ్ళ దుకాణంలో చేరాడు. చేరిన రోజునే ఓనరుగారి భార్య వస్తే ఆవిడ పేపరు పట్టుకున్న తీరు చూసి, నలుగురి ముందూ, మీకు చత్వారం వచ్చిందండీ అన్నాడు, అప్పట్నించీ దుకాణంలో వాడి పేరు చత్వారం. పని మాత్రం నేర్చాడు. అద్దాన్ని మరమీద సాన పట్టడం, ఫ్రేముని వేడిచేసి వంచడం, ఈగ కాలంత స్క్రూని ఈగ నిద్రలేవకుండా బిగించడం. ఓనరుకి ఒక పట్టుదల ఉంది, ఎవరి కళ్ళజోడు చేతిలోకొచ్చినా, కొనేవాళ్ళు కానీ, దారి అడగడానికి ఆగినవాళ్ళు కానీ, కాడలు సరిచేసి తుడవకుండా తిరిగివ్వకూడదు. వాడి చేతులకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి వీధిలో ఎవరితోనో దెబ్బలాటలో అవతలివాడి కళ్ళజోడు ఊడి పడితే, తీసి తుడిచి పెట్టి మళ్ళీ కొట్టాడు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, ఏ పుణ్యకార్యమూ ఉద్దేశించకుండా, ఊరికే, చేతులు దురద పెట్టి, అమ్మమ్మ కళ్ళజోడు తీసి దాచేశాడు.

అమ్మమ్మకి కళ్ళజోడు లేకపోతే బైబిలు లేదు, బైబిలు లేకపోతే రోజు మొదలవదు. గోడలు తడుముకుంటూ ఇల్లంతా తిరిగింది. సాయంత్రానికి నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఎన్ని నెలల తర్వాతో, ఆ ముసలి మొహంలో చిన్న వెక్కిరింత మెరిసింది. నేరుగా అడుగుతావుగా ఆయన్ని, అడుగు మరి వదినగారూ, ఏమన్నాడు అంది. అమ్మమ్మ మళ్ళీ గోడ తడుముకుంది. నాయనమ్మ కాసేపు చూసి, చెయ్యి చాపి, అంతోనివారిని ఇటు తిప్పింది. నాకోసం కాదు, ఈవిడ కోసం అడుగుతున్నా, ఈవిడ మీకు దండం పెట్టదు, అయినా పెద్దమనసు చేసుకోండి అంది. పిండి డబ్బా వెనక కళ్ళజోడు దొరికింది. ఆ రాత్రి నాయనమ్మ కంచం ఖాళీ చేసింది. గిన్నెలు ఎవరు తోమాలన్న దానిమీద గొడవ కూడా పడింది. వాడు దుప్పటి ముసుగులో పడుకుని ఆ గొడవ వింటూ, జోలపాట వింటున్నవాడిలా నిద్రపోయాడు.

ఇక ఆ తర్వాత అంతోనివారికి తీరిక లేదు. ఫ్రిజ్ మీద, నాన్న పాత బూటులో, మడతపెట్టిన దుప్పట్ల మధ్య. ఒకసారి బొమ్మ కాళ్ళ దగ్గరే దొరికితే, పాపం ఆయనే చదువుకోడానికి తీసుకున్నారు, ముసలాయన కదా అంది నాయనమ్మ. లోకంలో ఏ పునీతుడికీ లేనంత పేరు ఆ రంగు ఊడిన ముక్కాయనకి ఆ ఇంట్లో వచ్చింది, వీధిలో అవతల ఇళ్ళవాళ్ళు కూడా తాళంచెవులు పోతే వచ్చి చెప్పుకునేవారు, వాటిల్లో కొన్ని దొరికేవి కూడా. అమ్మమ్మ ప్రతిసారీ దొరికిన కళ్ళజోడు పెట్టుకుని, కృతజ్ఞతలు నేరుగా పైకే చెప్పి, మధ్యలో ఆయన్ని దాటేసేది. వాడికి నవ్వాగేది కాదు. నవ్వు ఆగిపోయిన సందర్భాలు మాత్రం రెండు ఉన్నాయి. వాడు జ్వరంతో మంచం పట్టినప్పుడు ఒకసారి, దుకాణం పనిమీద పక్క ఊరు వెళ్ళినప్పుడు ఇంకోసారి, వాడు ముట్టుకోకుండానే కళ్ళజోడు పోయింది. నాయనమ్మ అడిగింది, దొరికింది. ఊరి నించి వచ్చాక ఆ సంగతి విని వాడు మండుటెండల్లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ పైన కొన్నాళ్ళు బొమ్మ ముందునించి వెళ్ళాల్సొస్తే తల వంచుకుని వెళ్ళేవాడు, తన పని తాను చేసుకుంటున్న పెద్దమనిషి పేరుమీద దొంగ సంతకాలు పెడుతున్న గుమాస్తాలాగా.

కుర్చీలు కదిలాయి. ఎవరో లేచారు, ఎవరి పేరో పిలిచారు, వాళ్ళది కాదు. అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుని సర్దుకుంది. లిఫ్టు పాడైందని మెట్లన్నీ ఎక్కి వచ్చింది. మోకాళ్ళు ప్రభువుకిచ్చేశానురా, నొప్పి మాత్రం నాకే వదిలేశాడు అంటుంది ఎప్పుడూ. నొప్పి. అసలంతా అక్కడే వచ్చింది.

నాయనమ్మకి కడుపులో నొప్పి మొదలై చాలా కాలమైందట, ఎవరికీ చెప్పలేదు. పట్టుకున్నది అమ్మమ్మే. పొద్దున చీకటితో నొప్పి లేచేది, నాయనమ్మ పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఇది వాడికి అనేది. ఇది వాడికి. కొడుకు ఇంకా ఆ మరకల గదిలో ఉన్నాడు, తల్లి పడే నొప్పి అర్పిస్తే వాడి పని తొందరగా అవుతుంది. మాత్ర వేసుకోదు, వేసుకుంటే ఆ పూట పంపడానికి ఏమీ ఉండదు. నొప్పి మరీ ఎక్కువైన రోజున, ఇందులో కొంచెం పాస్టరన్నయ్యగారికి కూడా అనేసరికి అమ్మమ్మ మంచం దిగింది. మా ఆయన ఎక్కడా ఆగలేదు వదినగారూ, మధ్యలో స్టేషన్లు లేవు, నేరుగా వెళ్ళిపోయాడు. వెళ్ళుంటే మంచిదేలే, మిగిలింది మావాడికి సర్దుతారు. ఆ రోజు నవ్వుకున్నాడు వాడు. గడ్డ సంగతి తెలిసి, ఆపరేషన్ అన్నాక నాయనమ్మ వద్దంటే మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. తీసేస్తే నా కొడుక్కి ఏం పంపను అంది. అమ్మ ఏడ్చింది, డాక్టరమ్మ కసిరింది, గుడిలో ఫాదరే వచ్చి, ఒంటిని కాపాడుకోవడం కూడా దేవుడి పనేనమ్మా అని నచ్చజెప్పాడు, నాయనమ్మ ఆయనకి టీ ఇచ్చి పంపించింది. చివరికి అమ్మమ్మ బీరువా దాటి వచ్చి ఆవిడ మంచం మీద కూర్చుంది. అలా కూర్చోవడం వాడెప్పుడూ చూడలేదు.

"సిలువ మీద ఆ ఒక్కడు పడ్డ నొప్పి చాల్లేదా వదినా? నీది కూడా కలిపితే గానీ నీ కొడుకు గడప దాటడా?"

"చాలు," అంది నాయనమ్మ. "చాలదని ఎవరన్నారు. కానీ తల్లిని కదా, చేతులు ముడుచుకుని ఎలా కూర్చోను."

దానికి అమ్మమ్మ పుస్తకంలో జవాబు ఉండే ఉంటుంది. ఆవిడ తీయలేదు. కళ్ళజోడు లేదు కదా, తీసినా చదవలేదు. ఎందుకంటే ఆ పొద్దున వాడు మామూలుగానే, ఏమీ ఎరక్క, ఆ కళ్ళజోడు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నాయనమ్మ ఆ వట్టి కళ్ళవైపు చూసింది, బొమ్మవైపు తిరిగింది, చూడండి స్వామీ, వీళ్ళందరూ నన్ను తోస్తున్నారు, మీరు చెప్పండి, పొద్దుగూకే లోపల వదినగారి కళ్ళజోడు దొరికితే వెళ్ళమన్నట్టు, దొరక్కపోతే ఇక నన్నెవరూ అడక్కూడదు అంది. అందరూ వెతకడం మొదలుపెట్టారు. వాడు కూడా వెతికాడు. మంచాల కింద దూరాడు, బూట్లు దులిపాడు, జేబులో దేవుడి చిత్తాన్ని మడతపెట్టుకుని దేవుడి చిత్తం కోసం ఇల్లంతా వెతికాడు. తియ్యకుండా ఉంటే ఆవిడ మాట ఆవిడది, నొప్పి ఆవిడది, చలికాలం రాకముందే ఒక రోజు అంతా అయిపోతుంది. తీస్తే ఆపరేషన్ బల్లమీద ఏమైనా అవ్వచ్చు. అంత పెద్ద విషయం అంత చిన్న జేబులో ఎలా పట్టిందో. కిటికీలో వెలుగు పచ్చబడి, ఎర్రబడి, ఇక గోడకి జారిపోతుండగా, ఇదిగో, బీరువా వెనక పడిపోయింది అన్నాడు. నాయనమ్మ అంతోనివారి వైపు చూసి తలూపింది, యజమాని బదిలీ చేస్తే తలూపే పాత పనిమనిషిలాగా. సరే అయితే అంది. ఆ 'సరే'ని పట్టుకుని ఈ ఎర్రదీపం కిందకి వచ్చింది. ఎవరిమీద నమ్మకంతో వచ్చింది. దుకాణంలో చత్వారం అని పిలిచే ఒక వెధవ మీద. లేవకపోతే, చంపింది గడ్డ కాదు, డాక్టరమ్మ కాదు. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలి. ఫాదరుతో చెప్పుకోమంటుంది ఒకావిడ, ఆయన విని, మన్నించి, ప్రాయశ్చిత్తం చెబుతాడు. నేరుగా దేవుడికే చెప్పుకోమంటుంది ఇంకొకావిడ, ప్రాయశ్చిత్తం ఎప్పుడో అయిపోయింది అంటుంది. రెండు గుళ్ళ మధ్య పెరిగినవాడు, రెండు గుళ్ళలోనూ వెనక బెంచీలో కూర్చుని కునికినవాడు, వాడి మాట ఏ గుడి తలుపు తీసుకుని వెళ్తుంది. పోనీ అంతోనివారు. నిజం అంతోనివారు, వాడు జ్వరంతో పడుకున్నప్పుడు వచ్చినాయన, వాడు ఊళ్ళో లేనప్పుడు వచ్చినాయన, ఆయన ఒకడున్నాడు కదా, ఆ మాత్రం ఉన్నాడు కదా. స్వామీ, మీ పేరుమీద చాలా చేశాను, ఆవిడకి తెలీదు, ఆవిడ నమ్మింది నన్ను కాదు మిమ్మల్నే, పోయినవి వెదికిపెడతారు కదా, ఆవిడ లోపల మత్తులో ఎక్కడో దారి తప్పి తిరుగుతూ ఉంటుంది, ఒక్కసారి, నా మొహం చూసి కాదు.

"అరిగిపోతుందిరా," అంది అమ్మమ్మ.

"ఏంటి?"

"ఆ అద్దం. వచ్చిన దగ్గర్నించీ తుడుస్తూనే ఉన్నావు."

వాడు చేతులవైపు చూసుకున్నాడు. నిజమే. నాయనమ్మ కళ్ళజోడు చొక్కా అంచులో ఉంది, బొటనవేలు గుండ్రంగా తిరుగుతోంది. అమ్మమ్మ ఎర్రదీపం మీంచి చూపు తిప్పకుండానే, వాతావరణం గురించి చెబుతున్నట్టు, మెల్లిగా అంది.

"నాదీ అలాగే తుడిచేవాడివి. పోయేటప్పుడు పిండిచేతి వేలిముద్రలతో పోయేది, దొరికేటప్పుడు మిలమిల్లాడుతూ దొరికేది. కాడ సరిచేసి, స్క్రూ బిగించి. అంతోనివారు ఆ పని ఎక్కడ నేర్చుకున్నారంటావ్?"

వాడి దగ్గర అబద్ధాలు ఎప్పుడూ నిండుకోలేదు. ఇప్పుడు వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఎప్పట్నించి తెలుసు అన్నాడు చివరికి. మొదటిసారి నించీ తెలుసంది. మరి చెప్పలేదే అంటే, ఆ రోజు మీ నాయనమ్మ బొమ్మని ఇటు తిప్పింది, కంచం ఖాళీ చేసింది, నేను నోరు తెరిచి, వదినా అది మళ్ళీ గోడకి తిప్పెయ్ అని చెప్పనా అంది. ఒకటే మిగిలింది అడగడానికి, అది అడక్కుండా ఉంటేనే మంచిదేమో అనిపిస్తూ ఉండగానే నోట్లోంచి వచ్చేసింది.

"నాకు జ్వరం వచ్చినప్పుడు నేను తియ్యలేదు అమ్మమ్మా. ఊరెళ్ళినప్పుడూ తియ్యలేదు."

అమ్మమ్మ జపమాల వైపు చూసుకుంది. ఎలక తోక పట్టు ఎప్పుడు పోయిందో, పూసలు వేళ్ళచుట్టూ చుట్టుకుని ఉన్నాయి.

"ఆ రోజుల్లో ఆవిడ పొద్దున్నించీ నోరు విప్పలేదు. నువ్వేమో మంచం మీద ఉంటివి. ఎవరో ఒకరు పోగొట్టుకోవాలి కదరా," అంది. "స్నానాల గది కిటికీలో పెట్టాను. ఆ తర్వాత కళ్ళు కనబడక పెట్టిన చోటు నాకే తెలీలేదు. తలుపుకి కొట్టుకున్నాను కూడా. చివరికి మీ నాయనమ్మే వెదికిపెట్టింది."

నవ్వు వచ్చింది వాడికి, సగం దాకా వచ్చి ఆగిపోయింది. అంటే అంతోనివారు ఎప్పుడూ రాలేదు. వాడు దుప్పటి కప్పుకుని భయపడింది పాస్టరమ్మకి. ఇంతసేపూ మొరపెట్టుకుంది, పక్క కుర్చీలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న ఈవిడకి. జేబు సంగతి చెప్పాడు, ఆ సాయంత్రం సంగతి చెప్పాడు. తెలుసంది, జేబు ఉబ్బి ఉందంది, మసక కళ్ళకి కూడా కనబడిందంది. నువ్వు తియ్యకపోతే నా పెట్టెలో పాత జత ఉంది, అది తీసి దొరికిందనేదాన్ని, చేత్తో పట్టుకునే ఉన్నాను, కాబట్టి అంతా నీ నెత్తిన వేసుకోకు అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కూడా ముసలిదైపోయింది.

"లేవకపోతే ఎవరికి చెప్పుకోవాలి అమ్మమ్మా?"

"ఆయనకే. నేరుగా."

"నాయనమ్మైతే ఫాదర్ దగ్గరికి పొమ్మంటుంది."

"ఆవిడ లేచి ఆ మాట అననీ," అంది అమ్మమ్మ. "నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను."

ఎర్రదీపం ఎప్పుడు ఆరిపోయిందో ఇద్దరూ చూడలేదు. అంతసేపూ దాన్నే చూసి, ఆరేటప్పుడు చూడలేదు. డాక్టరమ్మ మూతికున్న గుడ్డ కిందికి లాగి, గడ్డ మొత్తం వచ్చేసింది, గట్టి ప్రాణం అని చెప్పి, తను కూడా గోడకి కాస్త ఆనుకుని వెళ్ళిపోయింది. కాసేపయ్యాక నర్సు వచ్చి, కళ్ళు తెరిచారు, ఒక్కరే రావాలి అంది. కళ్ళజోడు వీడి దగ్గరుంది, జపమాల నా దగ్గరుంది, ఏది వద్దంటావమ్మా అని అమ్మమ్మ లేచింది. నర్సుకి కూడా అలసట ఉంటుంది కదా, పొమ్మంది.

నాయనమ్మ తెల్లటి దుప్పటి కింద చిన్నదైపోయి ఉంది, ఉతికితే కుంచించుకుపోయిన బట్టలాగా. పళ్ళసెట్టు లేక మాట గాలి పోతోంది. వాడు చెవి దగ్గరగా పెట్టాడు. నొప్పి తెలీట్లేదురా అంది. మంచిదే కదా నాయనమ్మా అన్నాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవ్వాళ వాడికి ఏమీ పంపలేదు."

అమ్మమ్మ మంచం కడ్డీ పట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుని, జపమాలని నాయనమ్మ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇవ్వాళ్టికి నా మోకాళ్ళ నొప్పులు పంపు వదినా. మెట్లన్నీ ఎక్కి వచ్చాను, బోలెడున్నాయి."

నాయనమ్మ ఆవిడవైపు తిరగడానికి చాలా సేపు పట్టింది. "మీ పుస్తకం ప్రకారం అది చెల్లదుగా," అంది.

"చెల్లదు," అంది అమ్మమ్మ. "అయినా పంపు."

వాడు కళ్ళజోడు విప్పి, ఎంత జాగ్రత్తగానో, ఆవిడ చెవుల మీద ఆనించాడు. నాయనమ్మ రెప్పలు ఆర్పి చూసింది, గది కప్పు, సీసాలోంచి జారే చుక్క, వదినగారి మొహం, వాడి మొహం. చూశావా, అంతోనివారు మాట నిలబెట్టుకున్నారు అంది. ఆ అద్దాలు అంత శుభ్రంగా ఉన్నాయి, వాటి వెనకనించి ఆ కళ్ళు వాడిలోపల ఎక్కడ చూడాలో అక్కడే చూస్తున్నట్టున్నాయి. రేపు చెప్పచ్చు, ఇంటికెళ్ళాక చెప్పచ్చు, కుట్లు విప్పాక చెప్పచ్చు. మొయ్యలేకపోయాడు.

"అంతోనివారు కాదు నాయనమ్మా," అన్నాడు. "నేనే దాచాను. నేనే తీశాను. ప్రతిసారీ నేనే."

మంచం అవతల అమ్మమ్మ గొంతు సవరించుకుంది.

"ప్రతిసారీ కాదు," అంది.